పార్టీతో (కేసు అప్పగించిన మనిషితో) మాట్లాడటం ఎలా: ప్రాక్టీసు మొదలుపెట్టిన లాయర్లకు, చిన్న లా ఆఫీసులకు

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో అరవై దాటిన రైతు ఒకాయన మా ఆఫీసుకు వచ్చాడు. పొలం గట్టు తగాదా. తమ్ముడి మీద ఇంజంక్షన్ (అడ్డుకునే కోర్టు ఉత్తర్వు) దావా వేయాలన్నాడు. పాస్‌బుక్, 1బి (భూమి హక్కుల రికార్డు), ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్) చేతికిచ్చాడు. వాటిని తిరగేస్తూనే సర్వే నంబరు ఎంత, విస్తీర్ణం ఎంత, నాలుగు హద్దులు ఏమిటని వరసగా అడిగాను. ఆయన "మా అమ్మ పోయిన ఏడు..." అని రెండుసార్లు మొదలుపెట్టాడు. రెండుసార్లూ "అది తర్వాత చూద్దాం పెద్దాయనా, ముందు హద్దులు చెప్పండి" అన్నాను.

దావా వేశాం. సాక్ష్యం దగ్గరికి వచ్చాక ఒకరోజు ఆయన సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. తల్లి పెద్దకర్మ రోజున అన్నదమ్ములిద్దరూ పెద్దమనుషుల ముందు రాసుకున్న పారీఖత్తు (పంపకాల కాగితం) అది. తమ్ముడి సంతకం ఉంది. గట్టు ఏ చెట్టు నుంచి ఏ చెట్టు దాకా ఉండాలో రాసి ఉంది. "ఇది మొదట్లోనే ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగాను. "చెప్పబోతే మీరే తర్వాత అన్నారు గదా బాబూ" అన్నాడు, కోపం లేకుండా.

దావాకు ఆధారమైన కాగితాలు దావాతోపాటే దాఖలు చేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 7 రూల్ 14 చెప్పేది అదే. తర్వాత పెట్టాలంటే కోర్టు అనుమతి కావాలి. అందుకు ఒక పిటిషన్, దానికి ఎదుటివాళ్ల కౌంటర్ (రాతపూర్వక జవాబు), దాని మీద వాదనలు, "ఇన్నాళ్లూ లేని కాగితం ఇప్పుడెలా పుట్టింది" అనే అనుమానం. అన్నీ పడ్డాం. మొదటి రోజు ఆ పెద్దాయన్ని పది నిమిషాలు మాట్లాడనిచ్చి ఉంటే ఇదేదీ ఉండేది కాదు.

సాఫ్ట్ స్కిల్స్ అనే మాట వినగానే చాలామంది లాయర్లు నవ్వుతూ పలకరించడం, ఇంగ్లిషు బాగా మాట్లాడటం అనుకుంటారు. నా దృష్టిలో సాఫ్ట్ స్కిల్స్ అంటే సరిగ్గా వినడం, సరిగ్గా చెప్పడం. అవి కేసు పనిలో భాగం. సరిగ్గా వినకపోతే దావా తప్పుగా తయారవుతుంది. సరిగ్గా చెప్పకపోతే సాక్షి బోనులో తడబడతాడు. లా కోర్సులో దీనికీ చోటుంది. మూట్ కోర్టు (నమూనా కోర్టు) పేపర్లో క్లయింట్ ఇంటర్వ్యూకు, విచారణకు ముందు తయారీకి కలిపి 30 మార్కులు ఉంటాయి, లాయరు ఆఫీసులో ఇద్దరు క్లయింట్లతో జరిగిన ఇంటర్వ్యూలు చూసి డైరీ రాయాలి. ఆ డైరీని సీనియర్ల రికార్డు చూసి కాపీ కొట్టి సంతకం పెట్టించుకున్నవాళ్లం ఎంతమందిమో మనకే తెలుసు. ఇప్పుడైనా నేర్చుకోక తప్పదు. పైగా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 36 ప్రకారం మనం ప్రకటనలు ఇచ్చుకోకూడదు. ఒక పార్టీ ఇంకో పార్టీకి చెబితేనే మన దగ్గరికి మనుషులు వస్తారు. వాళ్లు చెప్పుకునేది మన సెక్షన్ల గురించి కాదు, మనం వాళ్లతో ఎలా ఉన్నామన్నదే.

మొదటి అడుగు: మొదటి పది నిమిషాలు ఆయనకే వదిలేయండి

పార్టీ వచ్చి కూర్చోగానే ఫోను సైలెంట్‌లో పెట్టి బోర్లా పెట్టండి. మంచినీళ్లు ఇప్పించండి. కోర్టు మొహం చూడనివాళ్లకు లాయరు ఆఫీసు మెట్లు ఎక్కడమే టెన్షన్. "ఏం జరిగిందో మీకు తోచినట్టు చెప్పండి, నేను మధ్యలో ఆపను" అని పైకి అనండి. ఆ తర్వాత నిజంగానే ఆపకండి.

మనవాళ్లు విషయాన్ని తేదీల వరసలో చెప్పరు. పెళ్లితోనో చావుతోనో, ఊళ్లో జరిగిన పంచాయితీతోనో మొదలుపెడతారు. అది సోది కాదు. స్వాధీనం ఎప్పటి నుంచి ఉంది, సాక్షులుగా ఎవరిని పిలవొచ్చు, ఎదుటివాడి అసలు కోపం దేనిమీద, అన్నీ అందులోనే ఉంటాయి. మీరు కాగితం మీద మాటలు మాత్రం గుర్తుగా రాసుకోండి: "అమ్మ చావు", "పెద్దమనుషులు ముగ్గురు", "చింతచెట్టు". ఆయన ఆగాక ఒక్కోదాని మీద వేలు పెట్టి అడగండి. ఆఖరికి ఈ ప్రశ్న ఎప్పుడూ మర్చిపోకండి: "దీనికి సంబంధించి ఇంట్లో చిన్న కాగితం ముక్క, రసీదు, వాట్సాప్ మెసేజ్, పాత ఫొటో, ఏదైనా ఉందా? పనికిరాదు అనుకున్నదైనా సరే తీసుకురండి."

పార్టీతోపాటు ఊరి పెద్దమనిషో, చదువుకున్న అల్లుడో వస్తాడు. మాటలన్నీ ఆయనే చెబుతుంటాడు, పార్టీ తల ఊపుతూ కూర్చుంటాడు. ఆయనకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వండి, టీ తాగమనండి. కానీ సంతకం పెట్టేదీ, బోనెక్కేదీ పార్టీయే. మీ చూపూ మీ ప్రశ్నా పార్టీ వైపే ఉండాలి.

భార్యాభర్తల కేసుల్లో ఇది ఇంకా ముఖ్యం. అమ్మాయి తరఫున తండ్రి, అన్నయ్య మాట్లాడేస్తారు. వాళ్లది బాధే, కాదనను. కానీ ఆ అమ్మాయికి కాపురం కావాలో, మనోవర్తి కావాలో, విడాకులు కావాలో వాళ్లముందు ఆమె నోరు తెరిచి చెప్పలేదు. "పెద్దవాళ్లు కాసేపు బయట కూర్చోండి, కొన్ని వివరాలు అమ్మాయినే అడగాలి" అని మర్యాదగా చెప్పి, తలుపు ఓరగా ఉంచి, మహిళా జూనియర్ ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. "మీరు నాతో చెప్పింది మీ అనుమతి లేకుండా మీ నాన్నగారికి కూడా చెప్పను, చట్టమే నన్ను కట్టేసింది" అని చెప్పండి. ఇది ఊరికే ధైర్యం కోసం చెప్పే మాట కాదు. పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్‌గా ఉన్న ఈ రక్షణ 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్‌గా ఉంది. ఈ ఒక్క వాక్యం విన్నాక గొంతు విప్పి మాట్లాడినవాళ్లను చాలామందిని చూశాను.

రెండో అడుగు: విన్నది తిరిగి చెప్పండి, ఫీజు కాగితం మీద పెట్టండి

"నాకు అర్థమైంది చెబుతాను, తప్పైతే అక్కడే ఆపండి" అని మొత్తం విషయం తెలుగులో, ఆయన మాటల్లోనే చెప్పండి. రెండు మూడు చోట్ల తప్పకుండా ఆపుతారు. ఎదుటి లాయరు కన్నా ముందు మీ పార్టీయే మీ తప్పు పట్టుకోవడం మంచిదే కదా.

ఫీజు గురించి మాట్లాడటానికి మొహమాటపడకండి. ఎంత, ఎన్ని విడతలు, అందులో కోర్టు ఫీజు, ఖర్చులు కలిశాయా లేదా, అప్పీలు వస్తే వేరేనా, ఇవన్నీ ఒక అరపేజీలో తెలుగులో రాసి ఒక కాపీ ఇవ్వండి. తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వండి. "గెలిస్తే వచ్చినదాంట్లో ఇంత వాటా" అనే ఒప్పందం మన నియమాలు ఒప్పుకోవు. పార్టీ తనంతట తానే ఆ మాట ఎత్తినా వద్దని చెప్పండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కు 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ఇచ్చింది. ఫీజు కట్టలేని మనిషి మీ ముందు కూర్చుంటే ఈ సంగతి చెప్పి పంపండి. ఆ కేసు మీకు రాకపోవచ్చు, ఆ ఇంటి తర్వాతి మనిషి మీ దగ్గరికే వస్తాడు.

మూడో అడుగు: "గెలుస్తామా?" అన్న ప్రశ్నకు జవాబు

అందరూ అడుగుతారు. "నూటికి నూరుపాళ్లు మనదే" అని చెప్పడం తేలిక, ఆ రోజుకు వకాల్తా మీద సంతకం పడుతుంది. మూడేళ్ల తర్వాత తీర్పు ఎదురు వస్తే ఆ మాటే మీ మెడకు చుట్టుకుంటుంది. అలాగని "కోర్టు కదా, ఏమో చెప్పలేం" అంటే ఆయనకు ఒరిగేదేమీ లేదు.

మూడు ముక్కలుగా చెప్పండి. మనకు బలం ఏది: "స్వాధీనం మీదే, శిస్తు రసీదులున్నాయి, అది గట్టిది." మనకు బలహీనత ఏది: "సర్వే చేయించలేదు, హద్దుల దగ్గర వాళ్లు పట్టుకుంటారు." ఎంత కాలం, ఎంత శ్రమ: "ఇది నెలల్లో తేలేది కాదు. సాక్ష్యం చెప్పడానికి మీరు కనీసం రెండు మూడుసార్లు కోర్టుకు రావాలి." ఆ తర్వాత ఆయన వేయమంటేనే వేయండి. వేయొద్దనుకుని వెళ్లిపోయినా నష్టం లేదు.

నాలుగో అడుగు: సంతకానికి ముందు చదివి వినిపించండి

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే మన కోర్టుల్లో గెలవాల్సిన కేసులు చేజారేది ఎక్కువగా ఇక్కడే అని నా నమ్మకం.

సివిల్ దావాల్లో సాక్షి చీఫ్ (తన వైపు లాయరు ద్వారా మొదట ఇచ్చే సాక్ష్యం) ఇప్పుడు అఫిడవిట్ రూపంలో వెళ్తుంది. మనం దాన్ని ఇంగ్లిషులో తయారుచేస్తాం. సాక్షికి ఇంగ్లిషు రాదు. వాయిదా రోజు ఉదయం కోర్టు వరండాలో, గోడకు ఆనించి, "ఇక్కడ, ఇక్కడ, ఇంకో పేజీలో ఇక్కడ" అని సంతకాలు పెట్టించేస్తాం. కాసేపటికి ఆయన బోనెక్కుతాడు. ఎదుటి లాయరు గారు అడిగే మొదటి ప్రశ్న ఇది:

"మీ చీఫ్ అఫిడవిట్‌లో ఏం రాసుందో మీకు తెలుసా?"

"మా లాయరు గారు సంతకం పెట్టమన్నారు, పెట్టానండి."

ఈ జవాబు రికార్డుకెక్కాక ఆ అఫిడవిట్‌లో ఎంత గొప్పగా రాసినా దాని విలువ ఎంత? సాక్షి అబద్ధం చెప్పలేదు. నిజమే చెప్పాడు.

కాబట్టి వాయిదాకు రెండు రోజుల ముందే సాక్షిని ఆఫీసుకు పిలవండి. ఒక్కో పేరా తెలుగులో చదివి చెప్పండి. "అర్థమైందా?" అని అడగకండి, అందరూ అర్థమైందనే అంటారు. "ఈ పేరాలో ఏముందో మీరు నాకు చెప్పండి" అనండి. ఆయన చెప్పినదానికీ మీరు రాసినదానికీ తేడా వస్తే కాగితమే మార్చాలి. మనిషికి పాఠం నేర్పకూడదు. ఏం చెప్పాలో నూరిపోయడం వేరు, ఉన్నది ఎలా చెప్పాలో భయం పోగొట్టడం వేరు. రెండోది మీ బాధ్యత. ఆయనకు చెప్పాల్సినవి ఇవే: ప్రశ్న పూర్తయ్యాకే జవాబు చెప్పండి. అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి. తెలియకపోతే తెలియదనండి. గుర్తులేకపోతే గుర్తులేదనండి. ఎదుటి లాయరు గొంతు పెంచినా మీరు జడ్జి గారి వైపు చూసి మామూలుగానే చెప్పండి. వీలైతే అంతకుముందు ఒకరోజు ఖాళీ సమయంలో కోర్టు హాలు చూపించండి. బోను ఎక్కడుంటుందో, ఎవరెక్కడ కూర్చుంటారో కళ్లతో చూసిన మనిషికి సగం వణుకు తగ్గుతుంది.

దీనికి పట్టేది గంట.

ఐదో అడుగు: వాయిదా సంగతి ముందురోజు సాయంత్రమే

కూలి పని మానుకుని, రెండు బస్సులు మారి పార్టీ పదింటికల్లా కోర్టుకు వస్తాడు. కాల్ వర్క్‌లో (కోర్టు మొదలవగానే కేసులు వరసగా పిలిచేటప్పుడు) కేసు పిలిచి ఒక్క నిమిషంలో వాయిదా వేస్తారు. ఆయన్ని ఆ రోజు రమ్మనాల్సిన పనే లేదు, ఆ మాట ఎవరూ చెప్పలేదు. తెలంగాణలో పేషీ అన్నా, ఇక్కడ ఆంధ్రలో వాయిదా అన్నా ఆ మనిషికి అది పోయిన రోజు కూలి. పార్టీలకు లాయర్ల మీద ఉండే కోపంలో పెద్ద వాటా దీనిదే.

రోజూ సాయంత్రం డైరీ తెరిచి, మర్నాటి కేసుల పార్టీలకు మెసేజ్ పెట్టడం ఒక్కరికి అప్పజెప్పండి, గుమాస్తాకైనా, జూనియర్‌కైనా. తెలుగులో, పొట్టిగా ఉండాలి: "రేపు మీ కేసు ఉంది. ఎదుటివాళ్లు కౌంటర్ వేయాలి. మీరు రావక్కర్లేదు. కొత్త తేదీ సాయంత్రం చెబుతాం." లేదా: "రేపు మీ సాక్ష్యం. తప్పక రావాలి. ఉదయం 10 గంటలకు ఆఫీసుకు రండి. ఆధార్ కార్డు, అసలు దస్తావేజు తెచ్చుకోండి." చదవడం రానివాళ్లకు వాయిస్ మెసేజ్ పంపండి.

కేసు నంబరు పడగానే 16 అక్షరాలు, అంకెలు ఉండే, కేసును ఆన్‌లైన్‌లో వెతకడానికి వాడే సీఎన్‌ఆర్ నంబరు రాసిచ్చి, ఇంట్లో పిల్లల ఫోనులో ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేయించి ఎలా చూడాలో చూపించండి. కొందరు లాయర్లు దీనికి ఇష్టపడరు, పార్టీకి అన్నీ తెలిస్తే ప్రశ్నలు పెరుగుతాయంటారు. నా అనుభవంలో ఫోన్లు తగ్గాయి. వచ్చిన ఫోన్లు కూడా "ఏమైంది?" అని కాకుండా "ఆర్గ్యుమెంట్స్ అని చూపిస్తోంది, నేను రావాలా?" అని వస్తున్నాయి.

వాయిదా ఎందుకు పడిందో ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు సిద్ధంగా లేక టైమ్ అడిగితే "నేనే టైమ్ తీసుకున్నాను, ఫలానా తీర్పు కాపీ రావాలి" అనండి. జడ్జి గారి మీదకో ఎదుటి లాయరు మీదకో తోసేస్తే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది.

ఆరో అడుగు: కేసు పోయినప్పుడు

అదే రోజు చెప్పండి. గుమాస్తాతో కాదు, మీరే. ఫోనులో "తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది" అని ముందు ఆ మాట చెప్పేయండి. నాంది ప్రస్తావన పెంచుకుంటూ పోతే అవతలి మనిషికి గుండె దడ. తర్వాత ఆగండి. తిట్టినా వినండి, ఏడ్చినా వినండి. ఆ రోజు సెక్షన్లు చెప్పకండి. ఒక్క విషయం మాత్రం చెప్పి తీరాలి: అప్పీలుకు గడువు ఉంది. జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. తీర్పు కాపీ కోసం పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు, అందుకే కాపీ అప్లికేషన్ వెంటనే పెట్టండి. రెండు మూడు రోజుల తర్వాత పిలిచి తీర్పు తెలుగులో చెప్పండి: జడ్జి గారు ఏది నమ్మారు, ఏది నమ్మలేదు, ఎందుకు. "అప్పీలుకు వేరే లాయరు దగ్గరికి వెళ్తాను" అంటే కేసు కాగితాల కట్ట ఇచ్చేసి అభ్యంతరం లేదని రాసివ్వండి.

లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న తీర్పిచ్చింది. అది విని నిశ్చింతగా ఉన్నవాళ్లను చూశాను. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు దారి ఎప్పటిలాగే తెరిచే ఉంది. ఫిర్యాదు దాకా వెళ్లని బాధ అంతకన్నా ఎక్కువ ఉంటుంది, దాన్ని పట్టించుకోండి.

ఏడో అడుగు: కోర్టు హాల్లో

ఎదుటి లాయరు రేపు కూడా అదే బార్ రూములో మీ పక్కన టీ తాగుతాడు. ఆయనకు ఒంట్లో బాగాలేదని ఒక వాయిదా అడిగితే, మీ పార్టీకి నష్టం లేనప్పుడు, ఇవ్వండి. కానీ ఆ స్నేహం పార్టీ కళ్లముందు ఎలా కనిపిస్తుందో చూసుకోండి. వరండాలో ఎదుటి లాయరు భుజం మీద చెయ్యేసి నవ్వుతుంటే, దూరం నుంచి చూసే మీ పార్టీకి "ఇద్దరూ కలిసిపోయారు" అనిపిస్తుంది. "కేసు వేరు, మేమంతా ఇక్కడే పనిచేసేవాళ్లం" అని మొదట్లోనే ఒక మాట చెప్పి ఉంచండి.

బెంచ్ క్లర్కును, కోర్టు అటెండరును "గారు" అని పిలవండి. వాదిస్తున్నప్పుడు జడ్జి గారు ప్రశ్న అడిగితే మీ వాక్యం అక్కడే వదిలేసి ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పండి. క్రాస్‌లో (ఎదుటివాళ్ల సాక్షిని ప్రశ్నించేటప్పుడు) సాక్షిని గద్దించడం వల్ల బల్లల వెనక కూర్చున్న పార్టీ సంతోషిస్తాడు తప్ప రికార్డులో గొంతు ఎక్కదు, మాటలే ఎక్కుతాయి.

ఎనిమిదో అడుగు: రాజీ మాట వస్తే

రాజీ ప్రతిపాదన పార్టీ సొత్తు. నచ్చినా నచ్చకపోయినా అదే రోజు ఆయనకు చేరవేయండి. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కోర్టు ఫీజు వాపసు వస్తుంది, దానిపై అప్పీలు ఉండదు. ఈ రెండో మాట సంతకానికి ముందే నొక్కి చెప్పాలి. అన్నదమ్ముల తగాదాల్లో "అన్న ఒక్కసారి ఇంటికొచ్చి అడిగితే చాలు" అనే మాట ఎక్కడో ఒకచోట దొర్లుతుంది. అది వినబడిన రోజు డైరీలో రాసుకోండి. రాజీకి సమయం వచ్చినప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

తొమ్మిదో అడుగు: ఆఫీసులో

పార్టీ ముందు జూనియర్‌ను కసురుకోకండి. రేపు మీరు వేరే కోర్టులో ఉంటే ఆ కేసులో లేచి నిలబడేది ఆ జూనియరే, పార్టీ ఆయన్ని నమ్మాలి. తప్పు జరిగితే సాయంత్రం తలుపేసి చెప్పండి. వాయిదా నుంచి వచ్చిన ప్రతి జూనియరూ కట్ట పైన మూడు లైన్లు రాయాలి: ఏం జరిగింది, తర్వాత దేనికి పడింది, పార్టీకి చెప్పామా లేదా. మూడోది రాయకపోతే ఆ రోజు పని పూర్తి కానట్టే. జీతం సంగతీ మాట్లాడాలి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో జూనియర్లకు నెలకు కనీసం పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సూచించింది. మన ఊరి ఆఫీసుల్లో అంత ఇవ్వగలిగేవాళ్లు తక్కువే, కానీ ఇవ్వగలిగింది ఎంతో ముందే చెప్పి, ఒకటో తేదీన ఇవ్వండి. బస్సు చార్జీలకు వెతుక్కునే కుర్రాడిని పార్టీతో ఓపికగా మాట్లాడమని మనం ఎలా అడుగుతాం?

ఫోను ఎత్తేవాళ్లకు ఒక మాట నేర్పండి. "సార్ లేరు" అని పెట్టేయకుండా "సార్ కోర్టులో ఉన్నారు, ఐదున్నరకు వస్తారు, ఏం చెప్పమంటారు?" అని అడిగి, పేరు, కేసు నంబరు రాసుకోవాలి. ఆ పుస్తకంలో ఉన్నవాళ్లందరికీ రాత్రి ఎనిమిదిలోపు మీరు తిరిగి ఫోను చేయాలి.

పదో అడుగు: కేసు ముగిశాక

అసలు దస్తావేజులు మన బీరువాలో ఉండిపోతాయి. పార్టీ అడగడానికి మొహమాటపడతాడు, పదేళ్ల తర్వాత కూతురి పెళ్లికి బ్యాంకు లోను కావాల్సి వచ్చి వెతుక్కుంటూ వస్తాడు. అంతదాకా ఆగకండి. అప్పీలు గడువు అయిపోగానే పిలిచి, కోర్టు నుంచి వాపసు తీసుకోవాల్సిన కాగితాలకు పిటిషన్ వేసి, ఒక్కోటీ బల్ల మీద పెట్టి చూపించి అప్పగించండి. ఏమేం ఇచ్చారో తెలుగులో జాబితా రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, చెరో కాపీ ఉంచుకోండి. ఖర్చుల కింద తీసుకున్న డబ్బులో ఏమైనా మిగిలితే అప్పుడే లెక్క చెప్పి ఇచ్చేయండి.